పెట్టె అచ్చింది

రాజన్నా,

నీ సైకిల్ తీశాను. నిన్ను అడగలేదు, ఏం చేసుకుంటావో చేసుకో.

నీ కంపెనీ నుంచి "పెట్టె వస్తోంది" అని ఫోన్ వచ్చినప్పుడు, దుబాయ్ సామాను పంపావనుకుని అమ్మ వాడకట్టంతటినీ పిలిచింది. వచ్చింది నువ్వు.

నువ్వు పోయి ఏడాదైంది. నీలా అక్కడ చిక్కుకున్నవాళ్లకు బతికుండగానే టికెట్లు కొనాలని, సైకిల్‌కు రేకు పెట్టె కట్టి, చందాలడుగుతూ సిరిసిల్ల నుంచి కోరుట్ల మీదుగా గోదావరి దాకా తొక్కాను.

కథలాపూర్‌లో ఒక ముసలాయన ఆపాడు. "ఆడివిల్లవు, గిట్ల ఊర్లు తిరుగుడేంది బిడ్డా?"

"మా అన్న పెట్టెల అచ్చిండు తాతా. ఇంకెవ్వలు గట్ల రావద్దని తిరుగుతున్న."

ఆయన రుమాలు ముడి విప్పి, అందులోని నోట్లు పెట్టెలో వేశాడు.

గోదావరి దగ్గర, నేనే నడుపుతానంటే తెప్ప అతను తెడ్డు ఇవ్వనన్నాడు. లాక్కున్నాను. తెడ్డు వెయ్యడం మానేరులో నువ్వు నేర్పిందే కదా, మరచిపోతానా? అరచేతులు బొబ్బలెక్కాయి గానీ, అవతలి ఊళ్లలో కూడా చందా అడిగే వచ్చాను.

ఇవాళ ఇల్లు చేరి, ఏడాదిగా మనింట్లో ఎవరూ పలకని మాట గట్టిగా అన్నాను. "అమ్మా, పెట్టె అచ్చింది!"

అమ్మ బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. పెట్టె మీద చెయ్యి వేసింది. తర్వాత వాడకట్టంతా వినబడేలా కేకేసింది:

"రాండ్రి, పెట్టె అచ్చింది! గీసారి మీరెయ్యాలె!"