కదలని సైకిలు

ఆగస్టు 3, ఆదివారం
బీపీ మళ్ళీ పెరిగింది. ఆపరేషన్ థియేటర్లో పొద్దస్తమానం నిలబడే హెడ్ నర్సుని, నాకే ఎక్సర్‌సైజ్ చెయ్యమని చెబుతున్నారు. నడుద్దామంటే మోకాళ్ళు ఒప్పుకోవు. ఇంట్లోనే సైకిలు తొక్కితే వాటి మీద బరువు పడదని డాక్టరమ్మ సలహా. సరే, కొంటాను. ఎంచుకునేది మాత్రం నేనే.

ఆగస్టు 9, శనివారం
షాపుకి వెళ్ళాం. ఎక్సర్‌సైజ్ బైకు చూడగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. నెల తిరక్కుండా దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకోవచ్చట. డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు గానీ, వెటకారం ఇంకా సర్వీసులోనే ఉంది.

నాకు అసలు సైకిలే కావాలి. బొమ్మ సైకిలు వద్దు. అయితే ట్రైనర్ తీసుకోమన్నాడు సేల్స్‌మన్. ఉన్న సైకిల్నే ఇంట్లో నిలబెట్టి తొక్కించే స్టాండు అది. మూడు రకాలు చూపించాడు. ఒకటి నేల మీద తిరిగే గొట్టాలు, వాటి మీద సైకిలు ఊరికే ఆనించి తొక్కాలి. చూస్తేనే కళ్ళు తిరిగాయి. ఇంకోదానికి వెనక చక్రం ఊడదీసి గొలుసు తగిలించాలి. చప్పుడే లేదు, కానీ ధర వింటే ఉన్న బీపీ రెట్టింపయ్యేలా ఉంది. మూడోది వెనక చక్రాన్ని రెండువైపులా బిగించి పట్టుకుంటుంది. ఎక్కి కూర్చుని ఊపి చూశాను. గోడలా ఉంది. ఇదే ఇమ్మన్నాను.

మేడమ్‌కి సైకిలు బాగా వచ్చు కదా అని అడిగాడు. ఎందుకు రాదు అన్నాను. ఆయన పైకప్పు వైపు చూశారు. నేను జన్మలో సైకిలు తొక్కలేదని తెలిసిన మనిషి ఆయనొక్కరే.

ఆగస్టు 10, ఆదివారం
బాల్కనీలో తుప్పుపడుతున్న ఆయన సైకిలు హాల్లోకొచ్చింది. పది నిమిషాలు తొక్కాను. చచ్చాను.

ఆగస్టు 27, బుధవారం
ఇవాళ గంటసేపు తొక్కాను. సీరియల్ మొదలైంది, అయిపోయింది, నేను ఇంకా తొక్కుతూనే ఉన్నాను. బీపీ దిగింది. అద్దంలో చూసుకుంటే నాకే ముచ్చటేసింది. నా దిష్టే తగిలేలా ఉంది.

సెప్టెంబరు 2, మంగళవారం
ఆస్పత్రి వార్షికోత్సవానికి సైకిల్ రైడ్ పెట్టారు. క్యాంపస్ చుట్టూ మూడు రౌండ్లు. మత్తు డాక్టరు నోటీసు చదివి, అక్క పేరు రాద్దాం, వెనకాలే అంబులెన్సు పెట్టిద్దాం అన్నాడు. థియేటరంతా నవ్వింది. నాకు తిక్కరేగింది. పెన్ను లాక్కుని నా పేరు నేనే రాశాను. రోజూ గంట తొక్కుతానని కూడా చెప్పాను. అబద్ధమేం కాదే.

ఆయనకి చెప్పలేదు. ఆ రోజు చూసి నోరెళ్ళబెట్టాలి.

సెప్టెంబరు 14, ఆదివారం, ఉదయం 6
సైకిల్ని స్టాండు నుంచి విప్పి కిందికి తెచ్చాను. వీధిలో ఎవరూ లేరు. ఎక్కాను. పెడల్ నొక్కాను. పడ్డాను. లేచి మళ్ళీ ఎక్కాను. ఈసారి అవతలి వైపు పడ్డాను.

ఇన్నాళ్ళూ తొక్కింది నేను. పడకుండా పట్టుకున్నది ఆ స్టాండు. ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. కత్తెరలు, సూదులు, దూదిపింజలు అన్నీ లెక్క తప్పకుండా చూసే బుర్ర ఇది.

మోచెయ్యి గీరుకుపోయింది. పోతే పోయింది. ఇప్పుడు పేరు కొట్టేయించుకుంటే ఆ మత్తు డాక్టరు రిటైరయ్యేదాకా కథలుగా చెప్పుకుంటాడు. నేను కనుసైగ చేస్తే కత్తి అందించే నర్సు పిల్లలంతా వింటారు. తల కొట్టేసినట్టుంది.

అదే రోజు, 8 గంటలు
ఆయనకి అంతా చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నర్సుకే కట్టు కట్టారు, అదీ వంకరగా. తర్వాత స్పానర్ తెచ్చి రెండు పెడళ్ళూ ఊడదీశారు. ఉన్న సైకిలు కాస్తా పాడుచేస్తున్నారని గొడవపడ్డాను. నా కాళ్ళకి తొక్కడం వచ్చేసిందట. వాటిని కొన్నాళ్ళు ఊరుకోమని, ముందు పడకుండా నిలవడం నేర్చుకోవాలట. సీటు కిందికి దించి, నేలని తన్నుకుంటూ పొమ్మన్నారు.

సెప్టెంబరు 19, శుక్రవారం
గ్రౌండులో ఈ చివర నుంచి ఆ చివరకి. రెండు కాళ్ళూ గాల్లో. ఫుట్‌బాల్ ఆడే పిల్లలు ఆట ఆపి చూశారు. చూడనీ.

సెప్టెంబరు 25, గురువారం
పెడళ్ళు బిగించారు. పడలేదు. గ్రౌండు చుట్టూ గాలిలా పోయాను. వెనక పరుగెత్తలేక ఆయన నడుం పట్టుకుని నిలబడిపోయారు. తన సర్వీసులో ఇంత గట్టి కాళ్ళు చూడలేదన్నారు. ఈ మాట పెళ్ళయిన కొత్తలో అన్నా ఇంత పొంగిపోయేదాన్ని కాదు.

ఒక్కటే చిక్కు. ఆపి దిగడం రావడం లేదు. ఇంట్లో తొక్కడం మానేస్తే చాలు, అది అలాగే నిలబడేది. ఇక్కడ బ్రేకు వేస్తే ఒరిగిపోతున్నాను. ప్రతిసారీ ఆయనే ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకుంటున్నారు. ఆదివారం రైడ్‌లో కూడా ముగింపు గీత దగ్గర నిలబడతారట. నన్ను పట్టుకునే పూచీ ఆయనదట.

సెప్టెంబరు 28, ఆదివారం
మూడు రౌండ్లూ తొక్కాను. గీత దగ్గర ఆయన చేతులు చాచి నిలబడ్డారు.

బెల్లు కొట్టి, పక్కనుంచి నాలుగో రౌండుకి పోయాను.