ఒక్కసారే వంతు

మంగళవారం, ఒట్టావా

ఈరోజు సెనేట్‌లో విదేశీ విద్యార్థుల వర్క్ పర్మిట్ బిల్లు మీద మాట్లాడాను. నోరెత్తితే పర్మిట్ పోతుందని బెదిరించి, ఒక రెస్టారెంట్ ఓనరు ఒక అమ్మాయితో జ్వరంలో కూడా పని చేయించుకున్న సంగతి చెప్పాను. కూర్చోబోతుంటే ఎదుటి వరస సెనేటర్ లేచి, "ఏ ఊళ్లో? అసలు ఆ అమ్మాయి ఉందా?" అని అడిగాడు. పేరు బయటపెట్టనని ఆ పిల్లకి మాటిచ్చాను. "చెప్పలేను" అన్నాను. నవ్వులు వినిపించాయి. పార్టీ ఉంటే పక్కవాళ్లెవరైనా లేచి ఆదుకునేవారు. నాలాంటి ఇండిపెండెంట్ సెనేటర్‌కి పక్కవాళ్లెవరు?

ఇంటికొచ్చేసరికి హామిల్టన్ నుంచి కెజియా ఫోను. మా చర్చి పిల్ల, ఆ అమ్మాయి తనే.

"లైవ్‌లో చూశానాంటీ. మీరు అబద్ధం చెప్పారని అందరూ అనుకుంటున్నారు. రేపు నా పేరు చెప్పేయండి, ఓనర్ పేరు కూడా."

"ఈ చర్చలో ఒక్కొక్కరికి ఒక్కసారే వంతమ్మా. నాది అయిపోయింది."

"వేరే సెనేటర్ గారెవరైనా చెప్పకూడదా?"

చెప్పొచ్చు. "చూస్తానమ్మా" అని పెట్టేశాను. ఎవరికీ ఫోన్ చేయలేదు. రూల్ ఒప్పుకోదు కదా, మళ్లీ ఆ నవ్వుల ముందు నిలబడక్కర్లేదని లోపల హమ్మయ్య అనుకున్నాను. భయపడాల్సిన పిల్లకే ఇప్పుడు భయం లేదు. మరి నాకెందుకు...