లింగయ్య తాతకు బియ్యం

సెప్టెంబర్ 20, శనివారం.

ముత్తాత మల్లయ్య జైలు రికార్డు నకలు ఈ రోజు పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చింది. దొర మనిషిని కొట్టినందుకే ఆయన్ని అండమాన్‌కు పంపారని ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నాం. మనవరాలికి ఆ కథ నేనే నేర్పాను. అది బడిలో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. కాగితంలో మాత్రం, పొలం గట్టు తగాదాలో సొంత తమ్ముడు లింగయ్యను గొడ్డలితో నరికి చంపాడని ఉంది.

జమ్మికుంటకు ఫోన్ చేసి అన్నకు చదివి వినిపించాను.

"చింపెయ్యే చెల్లె. రేపు పెత్రమాస. పెద్దల అమాసకు ఏటా తాత పేరు మీద బియ్యం ఇస్తనే ఉన్నం గదా."

"లింగయ్య తాత పేరు మీద ఎవరిచ్చిండ్రు అన్నా, ఇన్నేండ్లు?"

"గాయనకు పెండ్లే కాలే. ఎవరిస్తరు?"

చంపినవాడికి ఏటా బియ్యం ఇచ్చాం. చచ్చినవాడి పేరైనా ఏనాడూ తలవలేదు.

రేపు పొద్దున ముందు మనవరాలికి నిజం చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో ఇంకా తోచడం లేదు... తర్వాత గుడి అయ్యగారి ముందు రెండు విస్తళ్లలో బియ్యం పోస్తాను. ఆడపిల్ల ఇవ్వకూడదని ఎవరైనా అంటే అననీ. మొదట లింగయ్య పేరే చెబుతాను.