బలక్కె తిరుగ్రి

శక్తినగర్

అలివేలుకు,

ఇక్కడ నేనూ, నీ తులసి మొక్కా పచ్చగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బిందూ, మన మనవరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

తులసికి నీళ్లు పోస్తున్నావా అని అడిగావు. పోస్తున్నాను. పప్పు మాత్రం అడుగంటుతోంది. ఈ వారం ప్లాంటులో పగలు షిఫ్టే.

కడుపు సంగతీ అడిగావు. నువ్వు వచ్చేదాకా దాచుదామనుకున్నాను. పక్క క్వార్టరు తాయప్ప ఊరుకోలేదు. "మీరు రాయకుంటె అమ్మకు నేనే ఫోన్ చేస్త సార్, ఏమనుకున్నరో ఏందో!" అని కూర్చున్నాడు. ఫోన్లో చెబితే బాలింత కూతుర్ని వదిలి బస్సెక్కేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

కిందటి వారం రాయచూరులో నా పేగు లోపలికి గొట్టం పెట్టి చూశారు. మత్తు సూది వేసే ముందు గురక పెడతారా అని నర్సు హుచ్చమ్మ అడిగింది. లేదన్నాను. నువ్వు ఎన్నిసార్లు చెప్పినా నేనెప్పుడు ఒప్పుకున్నాను గనక!

ఎడమ పక్కకు పడుకోబెట్టారు. సగం మత్తులో ఉండగా "బలక్కె తిరుగ్రి" అంది హుచ్చమ్మ. కన్నడంలో బల అంటే కుడి, నన్ను కుడి పక్కకు తిరగమంది. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ ఆ మాత్రం తెలియదా! కానీ మత్తులో ఇంటి భాషే పైకొచ్చింది. బలంగా తిరగమందనుకుని ఒక్క ఊపున దొర్లి వెల్లకిలా పడ్డాను. తర్వాతదంతా వాళ్లు చెప్పగా విన్నదే. గురక పెద్దగా మొదలై ఠక్కున ఆగిందట. నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడిందట. ఊపిరి చూసే మిషన్ మోగిందట. హుచ్చమ్మ నన్ను మళ్లీ ఎడమ పక్కకు లాగి, గడ్డం ఎత్తి పట్టుకుంటేగానీ ఊపిరి రాలేదట.

"మత్తులో వెల్లకిలా పడితే గురక మనిషికి ముప్పండీ. ముందే చెప్పుంటే మేమే పట్టుకుని తిప్పేవాళ్లం కదా! మీరు గురక పెడతారని ఇంట్లో ఎవరూ చెప్పలేదా?" అన్నాడు సింధనూరు నుంచి వచ్చే డాక్టరు.

"చెప్పింది" అన్నాను.

పేగులో చిన్న పులిపిరిలాంటిది కనిపిస్తే తీసేశారు. చెడ్డది కాదని పరీక్షలో తేలింది. కంగారు పడకు.

అప్పుడు భయం తెలియలేదు. ఇంటికి వచ్చి మంచమ్మీద వాలాక పట్టుకుంది. గురక పెడితే పక్కకు తిరగమని నువ్వు పొడిచే మోచేతి పోట్లను చాదస్తమని విసుక్కునేవాణ్ని. ఇప్పుడు వీపు వెనక దిండు పెట్టుకుని పక్కకు పడుకుంటున్నాను. వెల్లకిలా తిరిగితే అది జారిపోతుందే తప్ప నీలా పొడవదు. బిందు కోలుకున్నాకే రా. కానీ తప్పకుండా రా.

ఇట్లు,
గురక పెట్టే నీ భర్త,
కేశవులు