పల్లేరుకాయల పొడికి మా ఇంటి పత్యం

ఫిబ్రవరి 2, సోమవారం. పొద్దున్న 6.10
ఈ పొడి డబ్బాల్లో చెంచాని ఎప్పుడూ అడుగునే ఎందుకు పాతేస్తారో! మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాను. మీసాల నిండా పొడే. మా ఆవిడ మహాలక్ష్మమ్మ చూసి, "ఏటి, ఎవులింటికైనా సున్నం కొట్టడానికెల్లొచ్చావా?" అంది.

పొడి మా మనవడు ధర్మతేజది. జిమ్ముకి వెళ్తాడు. మార్చి 1న అనకాపల్లిలో కండల పోటీ ఉందట, స్టేజీ ఎక్కుతాడట. ఇది తింటే మగ హార్మోను పెరిగి కండలొస్తాయని డబ్బా మీద రాశారు. అశ్వగంధ, మెంతులు, పల్లేరుకాయలు. పల్లేరుకాయలు! శనగచేలో యాభై ఏళ్ళు నా అరికాళ్ళలో దిగినవి అవే. వాటితో కండలొస్తే ఈపాటికి నేను ఎద్దులా ఉండాలి.

పోటీకి నేనూ వస్తానన్నాను.
"నువ్వొద్దు తాతా. అందరి ముందూ ఎగతాళి సేత్తావు."
మొన్న జిమ్ము గుమ్మంలో నిలబడి వాడివి కొంగకాళ్ళన్నాను. ఉన్నమాటే కదా.

చివరికి ఒప్పందం కుదిరింది. పోటీ దాకా వాడితో పాటు నేనూ పొడి తినాలి, కసరత్తు చెయ్యాలి. తప్పితే అనకాపల్లి లేదు. వాణ్ణి స్టేజీ మీద చూడ్డానికి పొడేం ఖర్మ, డబ్బా కూడా నమిలేస్తాను!

ఫిబ్రవరి 3
మా ఆవిడకి ఇది వేర్లూ కాయల మందని తెలిసిపోయింది.
"మరి పత్యం ఏటిరా?"
"పత్యం లేదు నానమ్మా. కంపెనీ మందు."
"కంపెనీవోడు మాత్రం ఎక్కడ తెచ్చాడు? కొండమీంచే కదా! మా అయ్య వేరుమందు తిన్నన్నాళ్ళూ నీసు ముట్నేదు. నా మీద ఒట్టెయ్యి."
వేశాడు. ఆవిడ పెంచిన పిల్లాడు మరి.
ఇద్దరికీ బంద్ అయినవి: గుడ్డు, కోడి, చేప, ఎండుచేప, వంకాయ, గోంగూర, చింతపులుపు.
మిగిలినవి: పెసరకట్టు, బీరకాయ, నా ముఖం.

ఫిబ్రవరి 5. ఉదయం 5.40
బస్కీలు 20! మధ్యలో రెండుసార్లు కూర్చుండిపోయాను. బస్కీ అంటే కూర్చోవడమే కాబట్టి లెక్కలో వేసేశాను.
చెయ్యి మడిచి మా ఆవిడకి చూపించాను. "కండ నొక్కి సూడు."
"ఎక్కడుంది?" అంది.

ఫిబ్రవరి 8, ఆదివారం
పక్కింట్లో ఎండు నెత్తళ్ళ పులుసు. వాసన పీలిస్తే పత్యం చెడదు. గోడ దగ్గర నిలబడి పావుగంట పీల్చాను.

ఫిబ్రవరి 11
జోగులమ్మ టీకొట్టు. గాజుపెట్టెలో ఉడికించిన గుడ్లు. ఊరికే ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తెల్లసొన కండకి మంచిదని జిమ్ము గోడ మీదే రాసి ఉంది, తిన్నాను. పచ్చసొన పారేస్తే పాపం కదా.

ఫిబ్రవరి 13
గుడ్లు రెండు. నెత్తళ్ళ వేపుడు కొంచెం. కొంచెమంటే ప్లేటు.
బస్కీలు: మోకాలు ఒప్పుకోలేదు.
పొడి: మర్చిపోయాను.

ఫిబ్రవరి 17
జిమ్ము మాస్టారు బుజ్జిబాబు ఇంటికొచ్చాడు. "తాతగారూ, మీవోడు కరిగిపోతన్నాడండి. నాలుగు కేజీలు తగ్గాడు. ఇలాగైతే పోటీలోంచి పేరు తీసెయ్యాలండి."
జిమ్ముకి తీసుకెళ్ళి నన్నూ తూచాడు. రెండు కేజీలు పెరిగాను.
ధర్మతేజ నా జబ్బ పట్టుకుని చూసి, "నీకు పొడి బాగా పడింది తాతా," అన్నాడు. వెటకారం లేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. వాడి చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ఎగతాళి రాలేదు.

సాయంత్రం మా ఆవిడతో, పిల్లాడికి గుడ్లు పెట్టమన్నాను.
"ఎందుకెట్టాలి? నువ్వూ అదే పొడి, అదే పత్యం. గుండ్రాయిలా అవ్వనేదా? ఆడే ఎక్కడో పత్యం తప్పుతన్నాడు!"
నేను తిన్న దొంగగుడ్లే ఆవిడకి సాక్ష్యం అయ్యాయి. నిజం చెబితే నాకు అనకాపల్లి పోతుంది. చెప్పకపోతే వాడికి పోతుంది.

ఫిబ్రవరి 18. మధ్యాహ్నం 12.30
ఇంట్లో డజను గుడ్లు ఉడుకుతున్నాయి! పొద్దున్న పొడి కంపెనీ సారు ఫోన్ చేశాడట. కుర్రాళ్ళకి గుడ్లూ చేపలే పత్యమట, లేకపోతే మందు ఒంటికి పట్టదట. మా ఆవిడ ఒట్టు వెనక్కి తీసేసుకుంది. "బేగి తినరా, బాబూ!" అని వాడి కంచంలో అయిదు పెట్టింది. వాడు వరసపెట్టి తిన్నాడు. అయిదోది మింగాక నవ్వాడు.

పెరట్లోకి తీసుకెళ్ళి వాడికి అన్నీ చెప్పేశాను. గుడ్లు, నెత్తళ్ళు, మోకాలు.
"అంటే నువ్వు పదకొండో తారీకే తప్పావా!"
"పచ్చసొనతో కలిపి."
"సరే. పోటీకి పదకొండు రోజులే ఉంది. రేపట్నుంచి మళ్ళీ మొదలెట్టు. ఈసారి తప్పకపోతే ముందు వరసలో కూకోబెడతాను. తప్పితే ఇంట్లోనే."

ఫిబ్రవరి 19. ఉదయం 5.30
మొదటి రోజు! పొడి తిన్నాను. బస్కీలు 20, ఈసారి నిజం బస్కీలు. ధర్మతేజ పక్కన నిలబడి లెక్కపెట్టాడు.

వాడికి చెప్పనిది ఒకటుంది. ఆ కంపెనీ సారుని నేనే. జోగులమ్మ ఫోను, నోటికి తువ్వాలు అడ్డం, పట్నం యాస. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో మా ఆవిణ్ణి "మేడమ్ గారూ" అన్నది అదే మొదటిసారి. నిన్నట్నుంచీ వీధిలో అందరికీ చెప్పుకుంటోంది. "ఎంత మర్యాదైన మనిసో! మా ముసలోడు నేర్సుకోవాలి," అంటోంది.