తిరుచెందూర్ దాకా వెళ్ళని ట్రిప్

23 అక్టోబర్ 2002, విరుదునగర్

హోసూరు నుంచి రోజంతా వ్యాన్‌లోనే. మా ఆయన గోకులకృష్ణనే డ్రైవింగ్. లాడ్జికి రాగానే పడి నిద్రపోయారు.

మళ్ళీ బిడ్డ పుట్టాలని అత్తగారు కృష్ణమ్మాళ్ తిరుచెందూర్ స్వామికి మొక్కుకున్నారు. ఈ ట్రిప్ అందుకే. నన్నెవరూ అడగలేదు. నేనూ వద్దనలేదు.

మార్చిలో మా పాప పుడుతూనే చనిపోయింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. పిల్లలెందరని ఎవరైనా అడిగితే అత్తగారే ముందు అందుకుంటారు. "ఇంకా లేదు" అంటారు.

24 అక్టోబర్, ఉదయం

కోవిల్‌పట్టి. వాన. టిఫిన్‌కి ఆగాం.

24 అక్టోబర్, సాయంత్రం

మళ్ళీ విరుదునగర్. అదే లాడ్జి.

పొద్దున హోటల్ బయట, చూరు కింద, నిండు నెలల అమ్మాయి ఒకతె గోడ పట్టుకుని నిలబడి ఉంది. పేరు కార్తీశ్వరి. పక్కన వాళ్ళమ్మ ముత్తుప్పేచ్చి. తల్లి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుందట. ఇద్దరూ తెలుగులో మాట్లాడుకుంటున్నారు. మొదటి కాన్పుకి విరుదునగర్‌లో ఆపరేషన్ అయింది, ఇప్పుడూ అక్కడికే తీసుకుపొమ్మని నర్సు చెప్పిందట. దీపావళి రద్దీ. రెండు బస్సులు నిండిపోయి ఆగకుండానే వెళ్ళిపోయాయట.

నాకు అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలనిపించింది. కడుపుతో ఉన్నవాళ్ళని చూస్తే నేను రోడ్డుకి అవతలి వైపుకి దాటేస్తున్నాను ఈమధ్య.

అత్తగారి పుట్టిల్లు ఇక్కడికి దగ్గర్లోని పల్లె. తన ఊరి తెలుగు యాస చెవిన పడగానే పొంగల్ సగంలో వదిలేసి లేచారు. "నొప్పి ఎప్పట్నుంచి?" అని అడిగారు. "తెల్లారకముందునుంచీమ్మా" అంది ముత్తుప్పేచ్చి. అత్తగారు ఆ అమ్మాయి పాదాలు చూశారు. బాగా వాచి ఉన్నాయి.

"ఎక్కండి. మా బండిలో పోదాము."

విరుదునగర్ అంటే వచ్చిన దారినే వెనక్కి. దర్శనం సంగతేమిటని ఆయన అడిగారు. అత్తగారు వినిపించుకోలేదు. "నువ్వు వెనక కూర్చోమ్మా, దాన్ని పట్టుకో" అని నాతో అన్నారు.

పట్టుకున్నాను. ఏం చేయను. నొప్పి వచ్చినప్పుడల్లా కార్తీశ్వరి నా మణికట్టుని నలిపేసింది. సాత్తూరు దాటాక కాస్త నెమ్మదించింది. ముత్తుప్పేచ్చి కొంగుతో కూతురి మొహం తుడిచి నావైపు తిరిగింది.

"నీకు బిడ్డలెందరు తాయీ?"

నేను ముందు సీటు వైపు చూశాను, ఎప్పటిలాగే అత్తగారు చెప్తారని.

"ఒగ ఆడబిడ్డ" అన్నారు అత్తగారు, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "పంగుణి నెలలో పుట్టె. ఊపిరి లేదు. ఎర్రగా ఉండె, వాళ్ళ నాయన మాదిరి ముక్కు."

ఆయన గేర్ మార్చారు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కార్తీశ్వరి నా చెయ్యి వదల్లేదు. "అయ్యో తాయీ" అంది ముత్తుప్పేచ్చి. ఇంకేమీ అనలేదు. నాకు అదే బాగుంది.

ఆసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. మమ్మల్ని పొమ్మని ముత్తుప్పేచ్చి రెండుసార్లు చెప్పింది. అత్తగారు బెంచీ మీంచి లేవలేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వరండా దాకా వినిపించింది. కార్తీశ్వరి బాగానే ఉందన్నారు. అత్తగారు వెళ్ళి చూసి వచ్చారు. నేను వెళ్ళలేకపోయాను. ముత్తుప్పేచ్చి బయటికి వచ్చి, "ఎత్తుకుంటావా?" అని మెల్లిగా అడిగింది. తల అడ్డంగా ఊపాను. బలవంతపెట్టలేదు. కాసేపు నా పక్కన కూర్చుని మళ్ళీ లోపలికి పోయింది.

తిరుచెందూర్‌కి రేపు పోదామా అని ఆయన అడిగారు. "ఇంటికి పోదామురా" అన్నారు అత్తగారు. "సామి యాడికి పోతాడు? దానికి పోవాలనిపించినప్పుడు పోదాము." దానికి అంటే నాకు.

25 అక్టోబర్

ఇల్లు చేరాం. మణికట్టు ఇంకా కమిలే ఉంది.

3 నవంబర్, సాయంత్రం

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి అడిగారు, పాపకి జుట్టు ఉండిందా అని. ఆ రోజు ఆయన ఊళ్ళో లేరు. వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఉండింది అన్నాను. చాలా. చెవుల మీదికి.

అన్నం మాడిన వాసన వచ్చింది. ఇద్దరం కదల్లేదు.