అంగుళం గుడ్డ

సత్తెనపల్లి,
16-4-2003.

సంతోషకుమారికి,

జోహరాబీ సలాం. బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఇక్కడ మేమూ బాగానే ఉన్నాం, మిరప ఘాటుకి తుమ్మడం తప్పిస్తే.

మన కొట్లో నేనన్న మాటకి నువ్వు కత్తెర బల్ల మీద పెట్టి అద్దంకి బస్సెక్కి మూడేళ్లయింది. ఇప్పుడీ ఉత్తరమేమిటని చించెయ్యకు. ముందు చదువు, చించడానికేం, ఎప్పుడైనా చించొచ్చు. సంతోషా, నేను పెళ్లిగౌను కుట్టాను.

చర్చి పక్కన పానకాలు గారమ్మాయి శిల్ప లేదూ, హైదరాబాదులో నర్సు. ఈస్టర్ వెళ్లాక వచ్చే గురువారం పెళ్లి. మీ వాళ్లంతా తెల్లచీరే కడతారు కదా, ఈ పిల్ల మాత్రం గౌనే కావాలని ఆర్గంజా పట్టుకొచ్చింది. ఆ గుడ్డ ముందు ఉల్లిపొర నయం. కత్తెర పెడితే అటు జారుతుంది, మిషను మీద పెడితే ఇటు పారిపోతుంది. కుట్టు విప్పితే సూది చిల్లులు అలాగే ఉండిపోతాయి. జాకెట్లూ లంగాలూ కుట్టుకునేదానికి ఇది ఇవ్వడమేమిటని వాళ్ల నాయనమ్మ వెంకాయమ్మ నా మొహం మీదే అడిగింది. దాంతో నాకు పంతం పట్టుకుంది.

ఈ రోజుల్లో మనూళ్లో మిరపకాయ అంటని చెయ్యి ఎవరిది? గడప దగ్గర బకెట్టూ సబ్బూ పెట్టి, కడుక్కోకుండా ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. మా ఆయన జాన్ బాషా మిరప యార్డు నుంచొచ్చి నాలుగు రోజులు అరుగు మీదే అన్నం తిన్నాడు. గుడ్డ కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేశాను. జారుడు మానింది.

మొన్న సోమవారం ట్రయలు. శిల్ప గౌను వేసుకుని గుమ్మంలో ఎండకి నిలబడింది. చూద్దును కదా, పక్కల్లో కుట్టు లోపల వదిలిన గుడ్డంతా పట్టీల్లా పైకి కనపడుతోంది. పిల్లకి పక్కటెముకలు పైన మొలిచినట్టుంది. చేతి అలవాటు చూడు, అంగుళం వదిలేశాను. పెళ్లిజాకెట్టంటే ఒళ్లు చేస్తే విప్పుకోవాలి, కాన్పయ్యాక విప్పుకోవాలి, ఆ తర్వాత చెల్లెలికీ సరిపోవాలి. ఇరవయ్యేళ్లుగా నాకదే ధర్మం. పల్చటి గుడ్డకి అది పనికిరాదని నువ్వు చెబితే ఏనాడైనా విన్నానా?

కోస్తే రేపు బిగుతైతే ఎట్లాగని వెంకాయమ్మ అడ్డం పడింది. గౌను ఒక్కరోజే కదా, కొయ్యండి ఆంటీ అని శిల్ప నవ్వింది. కోశాక మరి వెనక్కి లేదు. బిస్మిల్లా అనుకుని కత్తెర పెట్టాను. గీతంత మిగిల్చి కోసి, మడిచి, మళ్లీ కుట్టాను, నువ్వు కుట్టేదానివే, అలా.

ఇవాళ పొద్దున మళ్లీ వేసుకుంది. కుట్టు ఎక్కడుందో నాకే కనపడలేదంటే నమ్ము. వెంకాయమ్మ పిల్ల చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇంతకీ దీన్ని ఎక్కడ అతికించావమ్మా అని అడిగింది. అప్పట్నుంచీ నా కాలు నేల మీద నిలవడం లేదు. ఈ సంగతి ఎవరికి చెప్పాలా అనుకుంటే నువ్వే గుర్తొచ్చావు.

కోసిన ముక్కలు పోగేస్తే అంత గౌనుకీ గుప్పెడు రాలేదు. రుమాలుకైనా చాలవు. ఆ రోజు నువ్వు జ్యోతిర్మయి గారి పల్చటి టిష్యూ జాకెట్టుకి అంచులు సన్నగా కోస్తే, గుడ్డ కాజెయ్యడానికే కోశావని అందరి ముందూ నిన్ను దొంగని చేశాను. పని తెలియక అన్న మాట అది, మనసులో పెట్టుకోకు. గురువారం పెళ్లికి రా. నన్ను తిట్టాలనుంటే గౌను చూశాక తిడుదువుగాని.

ఇట్లు,
నీ జోహరా.

తా.క.: అంటించిన కవరు మళ్లీ విప్పాను. పని తెలియక అన్నానని రాశాను, అది అబద్ధం. నువ్వు ముక్కైనా తియ్యలేదని నాకు ఆ రోజే తెలుసు. నేనా మాట అనడానికి కాస్త ముందు జ్యోతిర్మయి గారు అద్దంలో చూసుకుని, ఇకనుంచి తన బట్టలన్నీ సంతోషకుమారే కుట్టాలంది. అది ఓర్చుకోలేకపోయాను. పెళ్లికి ఆవిడా వస్తోంది. నువ్వొచ్చినా రాకపోయినా ఈ మాట ఆవిడతో చెబుతాను, అందరి ముందూ.